రాగి వెళ్లిపోయింది, కుట్టుపని మిగిలింది

విదేశీ పెట్టుబడి వస్తే అభివృద్ధి జరుగుతుంది, అభివృద్ధి జరిగితే పేదరికం తగ్గుతుంది. ఏ పార్టీ అధికారంలో ఉన్నా మనకు వినిపించే లెక్క ఇదే. కానీ గత ముప్పై నలభై ఏళ్లలో ఈ బాట పట్టిన దేశాలను ఒక్కొక్కటిగా చూస్తే ఈ లెక్క అన్నిచోట్లా కుదరలేదు. ఆఫ్రికాలోని జాంబియాకు పెట్టుబడి బాగానే వచ్చింది, ఆర్థిక వృద్ధీ బాగానే ఉంది, పేదరికం మాత్రం అలాగే ఉండిపోయింది. బంగ్లాదేశ్‌కు వచ్చిన విదేశీ పెట్టుబడి చాలా తక్కువ, అయినా అక్కడ పేదరికం సగానికి పైగా తగ్గింది. వియత్నాంలో రెండూ జరిగాయి, కానీ మనం అనుకునే వరుసలో జరగలేదు.

ఎంత డబ్బు వచ్చిందనే దానికంటే ఆ డబ్బు ఎంతమందికి పని ఇచ్చింది, స్థానికులకు ఏం నేర్పింది, ఖజానాకు ఎంత కట్టింది అన్నవే ఈ మూడు దేశాల్లో పేదల బతుకును తేల్చాయి. సదస్సుల్లో ప్రకటించే లక్షల కోట్ల అంకెల్లో ఈ మూడూ కనిపించవు.

అసలు ఆ అంకెల్లో ఏముంటుందో ముందు చూడాలి. ఎఫ్‌డీఐ, అంటే విదేశీ ప్రత్యక్ష పెట్టుబడి అనగానే మనకు కొత్త ఫ్యాక్టరీ, దాని గేటు ముందు బారులు తీరిన కార్మికులు గుర్తొస్తారు. లెక్కల్లో మాత్రం అప్పటికే నడుస్తున్న కంపెనీలో వాటా కొన్నా ఎఫ్‌డీఐయే. ఇక్కడ సంపాదించిన లాభాన్ని ఇక్కడే ఉంచుకున్నా ఎఫ్‌డీఐయే. మన దేశంలో స్టాక్ మార్కెట్లో లిస్ట్ కాని కంపెనీలో విదేశీయులు ఎంత కొద్ది వాటా తీసుకున్నా ఆ పద్దు కిందికే వస్తుంది. 2020లో జియో ప్లాట్‌ఫామ్స్‌లో 9.99 శాతం వాటాకు ఫేస్‌బుక్ 43,574 కోట్ల రూపాయలు పెట్టింది. ఆ ఏడాది జియోలోకి వచ్చిన పెట్టుబడుల్లో పెద్ద భాగం మాతృసంస్థ అప్పుల భారం దించుకోవడానికి ఉపయోగపడింది. వ్యాపారంగా అందులో తప్పేమీ లేదు. కానీ అదే 43 వేల కోట్లు ఫ్యాక్టరీలుగా వచ్చి ఉంటే దొరికే ఉద్యోగాలకూ, దీనితో దొరికిన ఉద్యోగాలకూ పోలికే లేదు. లెక్కలో మాత్రం రెండూ ఒక్కటే. మారిషస్ సంగతీ ఇలాంటిదే. చాలా ఏళ్ల పాటు మన దేశానికి వచ్చిన ఎఫ్‌డీఐలో దాదాపు మూడో వంతు ఆ చిన్న ద్వీపం నుంచే వచ్చినట్టు నమోదైంది. అక్కడంత డబ్బు ఉండి కాదు, పన్ను ఒప్పందంలో ఉన్న వెసులుబాటు కోసం ఎక్కడెక్కడి డబ్బో ఆ దారిన తిరిగి వచ్చింది. 2016లో ఆ ఒప్పందాన్ని సవరించాల్సి వచ్చింది.

జీడీపీతోనూ ఇలాంటి చిక్కే ఉంది. దేశం సరిహద్దుల్లో తయారైనదంతా జీడీపీలోకి వస్తుంది, దాని మీద వచ్చిన లాభం ఏ దేశానికి పోయినా సరే. ఈక్వటోరియల్ గినీ అనే చిన్న ఆఫ్రికా దేశంలో 1990ల మధ్యలో సముద్రంలో పెద్ద చమురు క్షేత్రం దొరికింది. విదేశీ కంపెనీలు దిగాయి. కొన్నేళ్లలోనే తలసరి జీడీపీ ఆఫ్రికాలో అగ్రస్థానానికి చేరింది. 2006లో చేసిన గృహ సర్వేలో మాత్రం జనాభాలో 76.8 శాతం మంది పేదలని తేలింది. సగటు ఆదాయం కాగితం మీద పెరిగింది, ఇంట్లో గిన్నె అలాగే ఉంది.

జాంబియా గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఎందుకంటే అక్కడ జరిగింది అవినీతి అన్న ఒక్క మాటతో కొట్టిపారేసేది కాదు. 1964లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఆ దేశం ప్రపంచంలోని పెద్ద రాగి ఉత్పత్తిదారుల్లో ఒకటి. తర్వాత గనులను జాతీయం చేశారు. 1970ల మధ్యలో రాగి ధర కుప్పకూలింది, అప్పులు పెరిగాయి, కొత్త యంత్రాలు కొనడానికి డబ్బు లేదు. ఏటా ఏడు లక్షల టన్నుల దాకా తీసిన దేశం 2000 నాటికి రెండున్నర లక్షల టన్నులకు పడిపోయింది. అప్పులిచ్చినవాళ్లు గనులు అమ్మమన్నారు. 1997 నుంచి 2000 దాకా ముక్కలు ముక్కలుగా అమ్మేశారు. దేశంలోనే అతిపెద్దదైన కొంకోలా గనిని ఆంగ్లో అమెరికన్ అనే గనుల కంపెనీ తీసుకుని, గిట్టుబాటు కాదని 2002లో వదిలి వెళ్లిపోయింది. 2004లో అందులో 51 శాతం వాటా మన అనిల్ అగర్వాల్ వేదాంత గ్రూపు చేతికి వచ్చింది, రెండున్నర కోట్ల డాలర్లకు.

అమ్మేవాడికి గత్యంతరం లేనప్పుడు రాసుకున్న ఒప్పందాలు ఎలా ఉంటాయో అవీ అలాగే ఉన్నాయి. జాంబియా గనుల చట్టం ప్రకారం రాయల్టీ, అంటే తవ్విన ఖనిజం విలువలో ప్రభుత్వానికి కట్టాల్సిన వాటా, 3 శాతం. ఒప్పందాల్లో రాసింది 0.6 శాతం. ఇవి 15 నుంచి 20 ఏళ్ల దాకా మార్చకూడదన్న షరతు కూడా పెట్టారు. పైగా ఆ ఒప్పందాలు చాలాకాలం జనానికి కనపడనే లేదు. 2003లో టన్ను రాగి ధర సుమారు 1,800 డాలర్లు. దాని మీద 0.6 శాతం అంటే పదకొండు డాలర్లు. 2008 నాటికి చైనా కొనుగోళ్ల వేడికి అదే టన్ను 8,000 డాలర్లు దాటింది. అప్పుడు దేశానికి రాయల్టీగా దక్కేది 48 డాలర్లు. చట్టంలో ఉన్న 3 శాతమే వసూలు చేసి ఉంటే 240 డాలర్లు వచ్చేవి. ఒక్కసారి భూమిలోంచి బయటికి వచ్చిన రాగి మళ్లీ పుట్టదు కాబట్టి ఆ తేడా ఇక ఎప్పటికీ రాదు. 2008లో ప్రభుత్వం ఒప్పందాలను పక్కనపెట్టి రాయల్టీ పెంచింది, అదనపు లాభాల మీద పన్ను కూడా వేసింది. అదే ఏడాది చివర ప్రపంచ సంక్షోభంతో ధర పడిపోయింది, గనుల్లో వేలమందిని తీసేశారు, 2009లో ఆ అదనపు పన్ను ఎత్తేశారు.

పన్ను ఒక్కటే కాదు. ప్రభుత్వ గనుల సంస్థ ఉన్నరోజుల్లో కాపర్‌బెల్ట్ అనే రాగి గనుల ప్రాంతపు ఊళ్లలో ఆసుపత్రి, బడి, క్వార్టర్లు, వీధి లైట్లు, చెత్త ఎత్తడం, చివరికి ఫుట్‌బాల్ క్లబ్ దాకా అన్నీ గనే చూసుకునేది. అది సమర్థంగా నడిచిందని అనలేం, చివరి రోజుల్లో భారీ నష్టాల్లో ఉంది. కానీ కొత్త యజమానులు ఆ బాధ్యతల్లో చాలావాటిని వదులుకున్నారు, వాటిని ఎత్తుకోవడానికి మున్సిపాలిటీల దగ్గర డబ్బు లేదు. ఆ ప్రాంతంలోని చింగోలా చుట్టుపక్కల ఊళ్లవాళ్లు గని వ్యర్థాలతో నీళ్లు పాడయ్యాయని ఏళ్ల తరబడి పోరాడారు. 2019లో బ్రిటన్ సుప్రీంకోర్టు వాళ్లు వేదాంత మీద వేసిన తమ కేసును లండన్‌లోనే నడుపుకోవచ్చని తీర్పు చెప్పాల్సి వచ్చింది.

2000 నుంచి 2014 దాకా జాంబియా ఏటా సగటున దాదాపు 7 శాతం చొప్పున వృద్ధి చెందింది. ఏ దేశమైనా గర్వంగా చెప్పుకునే అంకె అది. 2015లో చేసిన సర్వేలో 54.4 శాతం మంది పేదలుగా తేలారు. పల్లెల్లో ఆ శాతం 76.6. 2022 సర్వే నాటికి దేశం మొత్తం మీద 60 శాతానికి పెరిగింది. దీనికి కారణం అర్థం చేసుకోవడం కష్టం కాదు. ఆధునిక గని యంత్రాల మీద నడుస్తుంది. వందల కోట్లు పెట్టినా పని దొరికేది కొన్ని వేలమందికే. యంత్రాలు, విడిభాగాలు బయటి నుంచి వస్తాయి, లాభం బయటికి పోతుంది. జనంలో ఎక్కువమంది మొక్కజొన్న పండించే రైతులు, చేత్తో పార పట్టి వాన మీద ఆధారపడి సాగు చేసేవాళ్లు. రాగి ధర పెరిగితే వాళ్ల పొలానికి ఏం ఒరుగుతుంది? మధ్యలో ఉండాల్సింది ప్రభుత్వ ఖజానా. గనుల నుంచి పన్ను తీసుకుని సాగునీటికి, ఎరువులకు, బడులకు పెట్టాలి. ఆ ఖజానానే ఖాళీగా ఉంచే ఒప్పందం రాసుకున్నారు. ఆ తర్వాత అభివృద్ధి పనులకని విదేశీ బాండ్ మార్కెట్లో అప్పులు తెచ్చి, 2020లో కట్టలేక చేతులెత్తేశారు.

ఇప్పుడు బంగ్లాదేశ్. 1970ల్లో కుట్టు బట్టల ఎగుమతుల్లో దక్షిణ కొరియా దూసుకుపోతోంది. అయితే ఏ దేశం నుంచి ఎంత సరుకు తీసుకోవాలో ధనిక దేశాలు కోటాలు పెట్టాయి. కొరియా కోటా నిండిపోయింది. బంగ్లాదేశ్ కోటా మాత్రం ముట్టుకున్నవాళ్లు లేరు. అందుకే కొరియాకు చెందిన దేవూ కంపెనీ ఢాకా వైపు చూసింది. 1978లో మాజీ ప్రభుత్వాధికారి నూరుల్ ఖాదర్ స్థాపించిన దేశ్ గార్మెంట్స్‌తో ఒప్పందం చేసుకుంది. దేవూ ఇక్కడ పెద్ద పెట్టుబడేమీ పెట్టలేదు. మిషన్లు, శిక్షణ, కొనుగోలుదారులతో పరిచయం ఇచ్చింది, అమ్మకాల మీద కమీషన్ తీసుకుంది. 1979లో 130 మంది బంగ్లాదేశీయులను బూసాన్‌లోని తన ఫ్యాక్టరీకి పిలిపించి నెలల తరబడి పని నేర్పింది. బట్ట కత్తిరించడం, కుట్టడం మాత్రమే కాదు, లైన్ ఎలా నడపాలి, క్వాలిటీ ఎలా చూడాలి, ఆర్డర్ ఎలా పట్టాలి, ఎగుమతి కాగితాలు ఎలా నింపాలి, అన్నీ.

తిరిగొచ్చాక చిట్టగాంగ్‌లో ఫ్యాక్టరీ మొదలైంది. కొన్నేళ్లలో ఆ 130 మందిలో 115 మంది ఉద్యోగం మానేశారు. కొందరు సొంత యూనిట్లు పెట్టారు, కొందరు వేరేవాళ్లు పెట్టిన యూనిట్లు నడపడానికి వెళ్లారు. దేశ్ గార్మెంట్స్‌కు అది నష్టమే. దేశానికి మాత్రం ఒక పరిశ్రమ పుట్టింది. ఇదే దశలో ప్రభుత్వం రెండు మంచి పనులు చేసింది. ఎగుమతి కోసం తెచ్చుకునే గుడ్డ మీద సుంకం కట్టక్కర్లేని బాండెడ్ గోడౌన్ పద్ధతి తెచ్చింది. విదేశీ కొనుగోలుదారు ఇచ్చిన ఎల్‌సీని (సరుకు పంపితే డబ్బు కడతామని బ్యాంకు ఇచ్చే హామీ పత్రాన్ని) చూపించి, ముడిసరుకు కోసం ఇంకో ఎల్‌సీ తెరుచుకునే వీలు బ్యాంకుల ద్వారా కల్పించింది. దానివల్ల చేతిలో పెద్దగా డబ్బు లేనివాడు కూడా ఆర్డర్ ఉంటే చాలు, యూనిట్ నడపగలిగాడు. ఈ సదుపాయం లేకపోతే ఆ 115 మంది పని నేర్చుకున్న ఉద్యోగులుగానే మిగిలిపోయేవాళ్లు.

ఈరోజు అక్కడ సుమారు 40 లక్షల మంది గార్మెంట్ పనిలో ఉన్నారు, ఎక్కువమంది ఆడవాళ్లు, పల్లెల నుంచి వచ్చినవాళ్లు. దేశ ఎగుమతుల్లో 80 శాతానికి పైగా బట్టలే. ఫ్యాక్టరీల్లో అత్యధికం స్థానికులవే. బంగ్లాదేశ్‌కు వచ్చే ఎఫ్‌డీఐ ఇటీవలి సంవత్సరాల్లో జీడీపీలో ఒక శాతం కూడా లేదు. 2000లో 49 శాతం దాకా ఉన్న పేదరికం 2022 నాటికి 18.7 శాతానికి దిగింది. అంతా గార్మెంట్ల వల్లే అనడం సరికాదు. బోరుబావుల కింద పండే వేసవి వరి, గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు, పల్లె రోడ్లు, తగ్గిన కాన్పులు, అన్నీ కలిశాయి. కానీ పదిహేనేళ్లకే పెళ్లి కావాల్సిన పిల్ల పట్నం వెళ్లి సొంత జీతం తీసుకోవడం అనేది ఆ దేశంలో కొత్త. దాని వెనక ఉన్నది ఈ పరిశ్రమే.

దీని చీకటి కోణం కూడా దాచకూడదు. 2013 ఏప్రిల్ 24న ఢాకా శివారు సావర్‌లో రాణా ప్లాజా కూలి 1,130 మందికి పైగా చనిపోయారు. గోడలు పగుళ్లిచ్చాయని ముందురోజే తెలిసినా మర్నాడు పనికి రమ్మన్నారు. 2023 చివర్లో, కార్మికులు వీధుల్లోకి వచ్చాక, కనీస వేతనం నెలకు 12,500 టాకాలుగా నిర్ణయించారు. పేదరిక రేఖ దాటడం వేరు, నిశ్చింతగా బతకడం వేరు. తక్కువ జీతమే ఆ దేశం బలమని కొనుగోలుదారులు అనుకున్నంత కాలం ఆ రెండో మెట్టు ఎక్కడం కష్టమే.

వియత్నాం విషయంలో మన దగ్గర ఒక అపోహ స్థిరపడిపోయింది. శాంసంగ్ వచ్చింది, దేశం బాగుపడింది అని. తేదీలు చూడండి. వియత్నాం కమ్యూనిస్టు పార్టీ 1986 డిసెంబరులో ఆర్థిక సంస్కరణలు మొదలుపెట్టింది, మరుసటి ఏడాది విదేశీ పెట్టుబడి చట్టం చేసింది. 1988లో సమష్టి సాగును సడలించి భూమిని రైతు కుటుంబాలకు అప్పగించింది. అంతవరకు బియ్యం దిగుమతి చేసుకున్న దేశం 1989లో పది లక్షల టన్నులకు పైగా ఎగుమతి చేసింది. 1993 భూచట్టం ఆ భూమి హక్కును అమ్ముకునే, తాకట్టు పెట్టుకునే, పిల్లలకు ఇచ్చే వీలు కల్పించింది. 1993లో 58 శాతంగా ఉన్న పేదరికం 1998 నాటికి 37 శాతానికి తగ్గింది. అప్పటికి విదేశీ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు దేశంలోని శ్రామికుల్లో చాలా చిన్న భాగం. బాక్ నిన్‌లో శాంసంగ్ ఫోన్ల ఫ్యాక్టరీ ఉత్పత్తి మొదలుపెట్టింది 2009లో. అంటే పేదరికంలో అతి పెద్ద తగ్గుదల పొలాల నుంచి వచ్చింది. ఆ తర్వాత వచ్చిన ఫ్యాక్టరీలు అప్పటికే కడుపు నిండి, చదువుకున్న జనాన్ని పనిలోకి తీసుకున్నాయి. 1980ల చివరికే అక్కడి పెద్దల్లో పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి చదవడం రాయడం వచ్చు. 1991లో మన దేశ అక్షరాస్యత 52 శాతం.

69 అభివృద్ధి చెందుతున్న దేశాల మీద 1998లో వెలువడిన ఒక ప్రసిద్ధ అధ్యయనం చెప్పింది కూడా ఇదే. విదేశీ పెట్టుబడి వృద్ధిని పెంచుతుంది, కానీ జనంలో ఒక స్థాయి చదువు ఉంటేనే. ఆ స్థాయికి కింద ఉన్న దేశంలో యంత్రం వస్తుంది, దాన్ని నడిపే కిటుకు మాత్రం ఎవరికీ అంటదు.

వియత్నాంకు ఇప్పుడున్న టెన్షన్ వేరే. ఎగుమతుల్లో 70 శాతానికి పైగా విదేశీ కంపెనీలవే. ఫోన్లో వాడే ఖరీదైన భాగాలు కొరియా, చైనాల నుంచో, లేదా వియత్నాంలోనే ఉన్న కొరియా అనుబంధ కంపెనీల నుంచో వస్తాయి. స్థానిక సంస్థలకు ఎక్కువగా దక్కేది ప్యాకింగ్ లాంటి పనులు. బంగ్లాదేశ్‌లో ఉద్యోగం మానేసి సొంత ఫ్యాక్టరీ పెట్టుకున్నట్టు ఇక్కడ ఎవరూ సొంతంగా చిప్ ఫ్యాక్టరీ పెట్టలేరు. పరిశ్రమ క్లిష్టమయ్యే కొద్దీ నేర్చుకునే దారి ఇరుకవుతుంది. దాన్ని వెడల్పు చేయడానికి ప్రభుత్వం పట్టుబట్టి పనిచేయాలి, కంపెనీ తనంతట తాను చేయదు.

షేర్లు, బాండ్ల రూపంలో వచ్చే డబ్బు గురించి ఎక్కువ చెప్పుకోనక్కర్లేదు. అది పేదలకు పని ఇచ్చేది తక్కువ, పోయేటప్పుడు మాత్రం దెబ్బ వాళ్ల మీదే పడుతుంది. 1997లో థాయ్‌లాండ్‌లో మొదలైన భయంతో ఆ డబ్బు ఇండోనేషియా నుంచి కూడా పారిపోయింది. మరుసటి ఏడాది ఆ దేశ ఆర్థిక వ్యవస్థ 13 శాతం కుంచించుకుపోయింది, బియ్యం ధరలు చుక్కలనంటాయి. ఫ్యాక్టరీని మాత్రం రాత్రికి రాత్రి ఎత్తుకుపోలేరు. ఎఫ్‌డీఐకి ఉన్న అసలైన మంచి గుణం అదే.

మన దగ్గర ఎక్కువమందికి పని ఇచ్చే ఫ్యాక్టరీలూ, పెట్టుబడి ఎక్కువై పని తక్కువ ఇచ్చేవీ, రెండు రకాలూ ఉన్నాయి. అచ్యుతాపురంలో శ్రీలంకకు చెందిన బ్రాండిక్స్, తడ దగ్గర అడిడాస్ బూట్లు చేసే అపాచీ, రెండిట్లోనూ వేలమంది పనిచేస్తారు, ఎక్కువమంది చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లు. తెల్లవారుజామున కంపెనీ బస్సు ఊరి సెంటర్‌లో ఆగుతుంది, టిఫిన్ డబ్బాలు పట్టుకుని ఎక్కుతారు. జీతం పెద్దదేం కాదు. కానీ కూలి పని ఉంటే ఉంది, లేకపోతే లేదు అనే ఇంట్లో నెల నెలా బ్యాంకులో పడే జీతం, పీఎఫ్, ఈఎస్‌ఐ అంటే చిన్న విషయం కాదు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా పరిస్థితి ఇంకోలా ఉంటుంది. 110 కోట్ల డాలర్ల పెట్టుబడి, ఏటా మూడు లక్షల కార్ల సామర్థ్యం, 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ బయటికొచ్చింది. కరువు సీమలో ఇది గర్వపడాల్సిన విషయమే. కానీ పెట్టిన ప్రతి కోటికీ దొరికే ఉద్యోగాల్లో కార్ల ఫ్యాక్టరీకీ, బూట్ల ఫ్యాక్టరీకీ ఎంతో తేడా. కియా వెంట విడిభాగాల కొరియా కంపెనీలు కూడా వచ్చాయి. అనంతపురం, హిందూపురం కుర్రాళ్లు ఆ సరఫరా గొలుసులో వెల్డింగ్ దగ్గరే ఆగిపోతారా, పదేళ్లకు సొంతంగా ఒక భాగం చేసి అమ్మే స్థాయికి వస్తారా అన్నది చూడాలి. స్థానికులకు 75 శాతం ఉద్యోగాలని 2019లో ఆంధ్రప్రదేశ్ చట్టం చేసింది. ఉద్యోగాల వాటా గురించి చట్టం చేయడం తేలిక. ఐటీఐలో పాత లేత్ మెషీన్ల స్థానంలో ఈ ఫ్యాక్టరీలు వాడే మెషీన్లు పెట్టి, వాటిని నడపడం వచ్చిన మేస్టర్లను నియమించడమే కష్టమైన పని. ఆ పని జరిగిన చోట వాటా కోసం చట్టం అవసరం పెద్దగా ఉండదు.

ఇక రాయితీల సంగతి. చౌక భూమి, కరెంటు సబ్సిడీ, జీఎస్టీలో రాష్ట్ర వాటా వాపసు, స్టాంపు డ్యూటీ మినహాయింపు. ఆంధ్రా ఇంత ఇస్తానంటే తమిళనాడు అంతకంటే ఎక్కువ అంటుంది, తెలంగాణ ఇంకో మెట్టు ఎక్కుతుంది. కంపెనీ ఈ మూడిట్లో ఎక్కడో ఒకచోట పెట్టాల్సిందే కాబట్టి, ఈ పోటీలో దేశానికి అదనంగా వచ్చేది తక్కువ, మూడు రాష్ట్రాల ఖజానాలకు పోయేది ఎక్కువ. రాయితీ ఇవ్వకూడదని కాదు. వెనుకబడిన జిల్లాకు మొదటి పెద్ద ఫ్యాక్టరీ రావాలంటే కొంత ఇవ్వక తప్పదు. ఎంత ఇచ్చామో, దానికి ఏం వచ్చిందో తెలియకుండా ఇవ్వడమే సమస్య. పెద్ద కంపెనీలు కనీసం 15 శాతం పన్ను కట్టాలన్న అంతర్జాతీయ ఒప్పందాన్ని వియత్నాం 2024 జనవరి నుంచి అమల్లోకి తెచ్చింది. పన్ను మినహాయింపులతో పెట్టుబడులు ఆకర్షించిన దేశమే ఆ పని చేసింది.

జాంబియా కూడా ఆలస్యంగానైనా ఒక పాఠం నేర్చుకుంది. గనులు, చమురు కంపెనీలు ఆయా దేశాల ప్రభుత్వాలకు చేసే చెల్లింపులను బయటపెట్టే ఒక అంతర్జాతీయ ఏర్పాటు ఉంది. 2009లో అందులో చేరింది. ఏ గని ఎంత కట్టానంటోంది, ప్రభుత్వం ఎంత అందిందంటోంది అన్నవి పక్కపక్కనే అచ్చవుతాయి, తేడా ఉంటే ఎవరికైనా కనిపిస్తుంది. మన రాష్ట్రాల్లో ఒప్పందాల విలువ ప్రకటించే రోజు ఉన్నంత హడావిడి మూడేళ్ల తర్వాత ఉండదు. కంపెనీల వారీగా ఇప్పటిదాకా అందిన రాయితీ, పెట్టిన పెట్టుబడి, పీఎఫ్ ఖాతాల ప్రకారం ఉద్యోగాలు, అందులో స్థానికులు, రాష్ట్రంలోని సంస్థల నుంచి కొన్న సరుకు విలువ, ఈ అయిదు అంకెలతో ఒక పట్టిక ప్రతి ఏటా బడ్జెట్ పత్రాలతో పాటు శాసనసభ ముందు పెట్టాలి. పీఎఫ్ వివరాలు, జీఎస్టీ బిల్లులు ఇప్పటికే కంప్యూటర్లలో ఉన్నాయి కాబట్టి దీనికి కొత్త సర్వే ఏదీ అక్కర్లేదు.